కళ్లను ఏమార్చే గళ్లు

పిల్లలూ! హిందూపురంలో వుండే మా మేనల్లుడు మొన్న సెలవులలో ఒక బొమ్మ తెచ్చి చూపించాడు. తెల్ల కాగితం మీద నల్ల గళ్లు, అంతే. ఆకు లేదు, పువ్వు లేదు. కాని చూస్తూ వుంటే కాగితం నడుమ లోపలికి మడతపడినట్టూ, గళ్లన్నీ ఆ మడతలోకి జారిపోతున్నట్టూ కనబడింది. వేలితో తడిమితే కాగితం చదునుగానే వున్నది!

"మామా, అక్కావాళ్ల కొత్త ఇంట్లో గోడకు తగిలించడానికి దీన్ని రంగులతో పలక మీదికి దించుతాను. కింద నా పేరు రాసుకుంటాను," అన్నాడు వాడు.

"దించుదువుగానిలే. ముందు ఆ గళ్లు ఎందుకు జారుతున్నాయో చెప్పు," అన్నాను. వాడు తల గోక్కున్నాడు.

ఇటువంటి బొమ్మలను 'ఆప్ ఆర్ట్' అంటారు. కంటికి భ్రమ కల్పించే చిత్రకళ అన్నమాట. హంగరీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన విక్టర్ వాసరేలీ, ఇంగ్లండుకు చెందిన బ్రిజెట్ రైలీ ఇందులో పేరు పొందారు. మావాడు తెచ్చినది రైలీ 1961లో వేసిన 'మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్' అనే చిత్రానికి నకలు.

కిటుకు తెలియాలంటే మీరూ ఒక పని చెయ్యండి. చిన్న గళ్ల తువ్వాలు ఒకటి తీసుకుని గుండ్రటి డబ్బాకు బిగించి చుట్టండి. దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూడండి. తువ్వాలులో గళ్లన్నీ ఒకే కొలత. అయినా మీకు ఎదురుగా వున్నవి వెడల్పుగానూ, పక్కలకు పోయేకొద్దీ సన్నగానూ కనబడతాయి. పుట్టినప్పటినుంచీ స్తంభాలనూ బిందెలనూ చూసి చూసి, గళ్లు సన్నబడ్డ చోట వంపు వుంటుందని మన మెదడు నేర్చుకున్నది. అందుచేత చదును కాగితం మీద గళ్లను సన్నబరిస్తే చాలు, లేని వంపును అది తానే కల్పించుకుంటుంది. కన్ను ఒక్కటే చూడదు. మనసు కూడా చూస్తుంది.

ఈ సంగతి మన శిల్పులు ఏనాడో కనిపెట్టారు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వున్నది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 16వ శతాబ్దిలో, పెనుకొండలో అధికారం నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అక్కడ వీరభద్రాలయం కట్టించారు. ఆ గుడిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం వున్నది. రెండు తలలను చేతితో మరుగుపరిచి చూస్తే, మిగిలిన తలతోనే ఆవు పూర్తిగా కనబడుతుంది. లేనిదాన్ని పూరించుకునేది మళ్లీ మన మనసే!

హిందూపురంలో రైలెక్కి పెనుకొండ దాటి పోతే ధర్మవరం వస్తుంది. అక్కడి పట్టుచీరల్లో మరో వింత చూడవచ్చు. పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు పెట్టి నేస్తారు. చీరను ఇటు తిప్పితే ఒక రంగు, అటు తిప్పితే మరొక రంగు మెరుస్తుంది. అడ్డం పోగులూ నిలువు పోగులూ వెలుతురును వేరువేరు దిక్కులకు పంపడమే దీనికి కారణం.

ఇదంతా చెప్పి, మావాడికి ఇంకొక సంగతి చెప్పాను. 1965లో న్యూయార్కులో ఆప్ ఆర్ట్ చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది. దానికి వెళ్లిన రైలీ తన చిత్రాల పోలికలున్న గౌన్లు దుకాణాలలో వేలాడుతూ వుండటం చూసింది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఎంతో నొచ్చుకున్నది. చేతిమగ్గం మీద నేతగాడు ఎన్నో రోజులు కూర్చుని నేసిన చీరను చూసి, మరమగ్గం మీద గబగబా అచ్చు దించి అమ్మితే ఆ నేతగాడి కూటికే దెబ్బ. అందుకే కొన్ని రకాల బట్టలను చేతిమగ్గానికే కేటాయించడానికి 1985లో చట్టం చేశారు.

"అయితే నేను బొమ్మ వెయ్యకూడదా మామా?" అన్నాడు వాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

"ఎందుకు వెయ్యకూడదు? కిటుకు అందరిదీ, చిత్రం మటుకు వేసినవారిది. కిటుకు తీసుకుని నీ చిత్రం నువ్వు వెయ్యి," అన్నాను.

వాడు డబ్బాకు చుట్టిన తువ్వాలును మళ్లీ చూసి, కొలతలు తానే కట్టాడు. 30 సెంటీమీటర్ల చదరపు పలక మీద నిలువు వరసల వెడల్పు 1, 2, 3, 4, 5, 5, 4, 3, 2, 1 సెంటీమీటర్లు. అడ్డం వరసలు ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు. మొత్తం 100 గళ్లు. ఒకటి విడిచి ఒకటి నలుపు. రైలీ చిత్రం లోపలికి మడతపడితే, వీడిది స్తంభంలాగా ముందుకు ఉబికింది!

రంగులకు అక్రిలిక్ వాడాడు. ఇవి 1950 తరవాతనే చిత్రకారులలో బాగా వాడుకలోకి వచ్చాయి. నీటిలో తేలే సన్నని ప్లాస్టిక్ రేణువులతో రంగుపొడి కలిసి వుంటుంది. నీరు ఆరగానే రేణువులు ఒకదానికొకటి అంటుకుని పొర కడతాయి. ఆ తరవాత నీళ్లు తగిలినా రంగు కరగదు. కనుక కుంచెను ఆరకముందే కడగాలి. పలకంతా తెలుపు వేసి, ఆరిన తరవాత గీతల వెంట టేపు అంటించండి. టేపు అంచుమీద మళ్లీ కొంచెం తెలుపు పూసి ఆరనిచ్చి, అప్పుడు నలుపు వెయ్యండి. నలుపు అంచు దాటి పాకదు.

ఒక జాగ్రత్త. ఇటువంటి బొమ్మలు అదేపనిగా చూస్తే కొందరికి తలనొప్పి వస్తుంది. మూర్ఛవ్యాధి వున్నవారిలో కొందరికి ఇవి అసలు పడవు. చదువుకునే చోటా, మంచానికి ఎదురుగానూ తగిలించవద్దు, వసారాలో తగిలించండి.

మావాడి పలక ఇప్పుడు వాళ్లక్క ఇంటి వసారాలో వున్నది. దాని వెనక వాడు ఇట్లా రాశాడు: "కిటుకు బ్రిజెట్ రైలీ చిత్రం చూసి నేర్చుకున్నది. కొలతలు నావి." ఆ కింద తన పేరు రాసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు అక్కడ వుండటం న్యాయమే.

మరి మీ కొలతలు ఏమిటి?