జైలు పుస్తకంలో తాతగారు



కిందటి నెల మన సంఘ కుటుంబాలలో ఒకరు ఒక ప్రశ్న పంపినారు. "మా ముత్తాతగారు నిజాము కాలంలో జైలుకు వెళ్లినారని ఇంట్లో చెప్పుకొంటారు. ఎప్పుడో, ఎక్కడో, ఎందుకో ఎవ్వరికీ తెలియదు. తెలిసికొనే దారి ఏమైనా ఉన్నదా?" అని. ఉన్నది. ఆ దారిని నేనొకసారి నడిచినవాణ్ణి కనుక ఈ నెల ఆ ముచ్చటే చెపుతాను.

మాది సగరోళి. నాందేడు జిల్లా బిలోలి తాలూకా. మంజీర దాటితే బోధన్, ఆ వెనుక నిజామాబాదు. ఈనాడు ఏటికి ఈవల మహారాష్ట్రం, ఆవల తెలంగాణం. మన పెద్దలు మూటాముల్లె కట్టుకొని ఇక్కడికి వచ్చి ఇండ్లు వేసుకొన్ననాడు ఇవేవీ లేవు. రెండు గట్లూ నిజాము రాజ్యమే. అందుచేత వారు వలస వచ్చినామని అనుకోలేదు, ఏరు దాటినామనే అనుకొన్నారు.

మా తాతగారిని నేనెరుగను. ఆయన మాట వచ్చినప్పుడల్లా నాయనమ్మ, "ఒక యేడు మీ తాత యాత్రకు పోయిండు బిడ్డా" అనేది. ఏ యాత్ర అని అడిగితే మాట మార్చేది. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏండ్లు నిండిన 1972లో కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు తామ్రపత్రాలు, పింఛన్లు ఇచ్చింది. 1980లో ఆ పింఛను పథకాన్ని ఇంకా విస్తరించినారు. ఊళ్లో అందరూ దానిని గురించి చెప్పుకొంటున్న రోజులలో ఒక రాత్రి నాయనమ్మ మెల్లగా అన్నది: "మీ తాత గూడ పోయిండురా. నిజామాబాదు జైల్ల పెట్టిండ్రు."

"మరి ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"జైలంటే దొంగలు పొయ్యే జాగ గదా. అప్పుడు మీ మేనత్తకు సంబంధాలు చూస్తున్నం."

అదీ సంగతి. పెండ్లి కావలసిన పిల్ల ఇంట్లో ఉన్నదని జైలు యాత్ర అయింది. మన పాత కుటుంబాలలో ఇటువంటి యాత్రలు ఇంకెన్ని ఉన్నవో!

ఆ కాలం సంగతి కొంచెం చెప్పుకోవలె. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పుట్టీపుట్టగానే నిషేధించినారు. అక్టోబరులో సత్యాగ్రహం మొదలైంది. నవంబరులో ఉస్మానియా విద్యార్థుల వందేమాతరం ఉద్యమం, మరుసటి ఏడు ఆర్యసమాజ సత్యాగ్రహం వచ్చినవి. 1947 ఆగస్టులో దేశమంతా జెండా ఎగురవేస్తూ ఉంటే నిజాము రాజ్యంలో జెండా పట్టినవారిని పట్టుకొని లోపల వేసినారు. సర్కారుకు ఆబ్కారీ రాబడి తగ్గించవలెనని ఊరూరా ఈత చెట్లు, తాటి చెట్లు నరికినారు. కరోడ్‌గిరీ నాకాలమీద పడినారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి, 17న నిజాము లొంగిపోయేదాకా చంచల్‌గూడ, వరంగల్లు, గుల్బర్గా, ఔరంగాబాదు, నిజామాబాదు జైళ్లు నిండే ఉన్నవి. దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు జైలు గోడలమీద బొగ్గుతో పద్యాలు వ్రాసినదీ, వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోడుగా ఉన్నదీ అక్కడే. కవుల పేర్లు గోడమీద నుంచి పుస్తకాలకెక్కినవి. తక్కినవారి పేర్లు జైలు రిజిస్టరులో ఉండిపోయినవి.

నేను ముందుగా చేసిన తప్పు, మన జిల్లాది కదా అని మన జిల్లాలోనే వెదకడం. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని భాషలవారీగా పంచినప్పుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1 నుండి మహారాష్ట్రంలో ఉన్నది. అయితే జిల్లా మొత్తం రాలేదు. దేగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబేరు సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలూ, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలూ ఇటు వచ్చినవి. మనిషి సగరోళివాడు, జైలు నిజామాబాదుది. ఇల్లు ఒక రాష్ట్రంలో, ఖైదు కాగితం మరొక రాష్ట్రంలో పడినవి. అందుచేత ఊరినిబట్టి కాదు, జైలునుబట్టి వెదకవలె. నిజాము సర్కారు పాత దఫ్తరులు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నవి. మొదటి ఉత్తరం అక్కడికి వ్రాయడం మంచిది.

రెండవ చిక్కు సంవత్సరం. నిజాము దఫ్తరులలో ఫసలీ సంవత్సరం వాడేవారు. అది అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలౌతుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని ఎవరో చెప్పగా, జెండా ఎగిరిన 1947 కదా అని 590 తీసివేసి 1357 పుస్తకం తీయించినాను. అందులో తాతగారు లేరు. అసలు లెక్క ఇది: అక్టోబరు నుండి డిసెంబరు వరకైతే 590, జనవరి నుండి అక్టోబరు మొదటి వారం వరకైతే 591 కలపవలె. 1947 ఆగస్టు అంటే 1356 మెహర్ మాసం. ఒక్క అంకె తేడాకు నేను రెండు నెలలు తిరిగినాను. మీరు తిరగవద్దు.

మూడవది లిపి. రిజిస్టరు ఉర్దూలో, గొలుసుకట్టు చేవ్రాలులో ఉంటుంది. ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చులు కనబడవు, మన ళకారం లేదు. గకారానికి కకారంమీద ఒక గీత ఎక్కువ. గుమాస్తా తొందరలో ఆ గీత మరచిపోతే సగరోళి కాస్తా సక్రోలి అవుతుంది, గంగన్న కంకన్న అవుతాడు. పైగా ఇంటిపేరుతో వెదికితే లాభం లేదు. మన ఇంటిపేర్ల చివర ఉండే 'వార్' మన తెలుగు 'వారు' అన్న మాటే అయినా, ఆ రోజుల రిజిస్టరులో అది సాధారణంగా కనబడదు. ఫలానా వల్ద్ ఫలానా, సాకిన్ ఫలానా, అంటే ఫలానావాని కొడుకు, ఫలానా ఊరి కాపురస్తుడు అని ఉంటుంది. కనుక తండ్రిపేరు, ఊరిపేరు తెలియకపోతే తలుపు తెరుచుకోదు.

మా ఊరి ఉర్దూ మాస్టరుగారు, వృద్ధులు, నా వెంట వచ్చి అద్దం పెట్టుకొని చదివినారు. ఒకచోట వ్రేలు ఆపి, "బేటా, మీ తాతే" అన్నారు. ఒక్క పంక్తి. పేరు, తండ్రిపేరు, ఊరు, కులం, వృత్తి, వయస్సు 31, ఎత్తు, ఎడమ మోకాలిమీద పుట్టుమచ్చ. నేరం: సర్కారీ ఈత చెట్లు నరకడం. మా ఇంట తాతగారి ఫోటో లేదు. ఆయన ఎంత ఎత్తు ఉండేవారో మా నాన్నకు కూడా సరిగా జ్ఞాపకం లేదు. తన ఖైదీ పారిపోతే పట్టుకోవడానికి సర్కారు వ్రాసుకొన్న గుర్తులు, 30 ఏండ్ల తరువాత మనుమడు తాతను పోల్చుకోవడానికి పనికివచ్చినవి.

అయితే అదే పంక్తి చివర విడుదల తేదీ కూడా ఉన్నది. లెక్క కడితే నాలుగు నెలల పదకొండు దినాలు. పింఛనుకు కనీసం ఆరు నెలలు జైలులో ఉండవలె. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి మాత్రం మూడు నెలలు. జైలు కాగితం దొరకనివారు, తమతో జైలులో ఉన్న యోధులచేత ధ్రువపత్రం వ్రాయించుకోవచ్చునని నిబంధన. తెలిసినవాడొకడు చాటుకు పిలిచి, "రిజిస్టరు దొరకలేదని అనండి. ఆరు నెలలని వ్రాసి ఇచ్చేవారిని నేను చూస్తాను" అన్నాడు. ఇంట్లో ఆ పైకం అవసరం లేకపోలేదు. నేను కొంత ఊగిసలాడిన మాట నిజం. నాయనమ్మకు చెప్పినాను. ఆమె కొంచెంసేపు ఊరుకొని, "ఉన్నన్ని దినాలే ఉన్నడు బిడ్డా. లేని దినాలు మనకెందుకు?" అన్నది. దరఖాస్తు అంతటితో ఆగిపోయింది. ఆ మరునాటినుండి మాత్రం ఆమె యాత్ర అనడం మానుకొని, "జైలుకు పోయిండు" అని అందరితో చెప్పడం మొదలుపెట్టింది.

ఇంకొక మాట. మన తాత పేరు దొరికిందని పుస్తకం మూసివేయకండి, పేజీ తిప్పండి. 1948 సెప్టెంబరు తరువాత జైళ్లలో మనుషులు మారినారు, బాధ మారలేదు. ఆ రోజులలో ముస్లిము కుటుంబాలు పడిన పాట్లు విచారించడానికి పండిత సుందరలాల్ సంఘాన్ని పంపితే, ఎక్కువ ప్రాణనష్టం జరిగిన నాలుగు జిల్లాలలో మన నాందేడును కూడా ఆ సంఘం చెప్పింది. నాకు ఆ పంక్తి చదివి పెట్టిన మాస్టరుగారి కుటుంబంలోనూ అటువంటి ఒక కథ ఉన్నదని ఆయన తిరుగు ప్రయాణంలో బస్సులో చెప్పినారు. ఆయన నా తాతను వెదకిపెట్టినారు. వారి మనిషిని వెదకడానికి నేను పోలేదు. అది నేటికీ నా మనస్సులో ముల్లే.

జైలు రిజిస్టరుకు ఇంత విలువ ఏమిటని అనుకోవద్దు. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం మరాఠ్వాడా కుటుంబాల కుణబీ నమోదులు వెదకడానికి న్యాయమూర్తి సందీప్ శిందే సంఘాన్ని నియమించినప్పుడు, భూమి కాగితాలు, బడి కాగితాలతోపాటు జైళ్ల రిజిస్టర్లు కూడా తిరగవేసినారు. రెండవ ప్రపంచయుద్ధంలో జపానువారు చేతచిక్కిన సైనికులకు ఒక్కొక్కరికి ఒక అట్టముక్క వ్రాసిపెట్టినారు. అవి 50,000కు పైగా నేటికీ లండను అభిలేఖాగారంలో ఉన్నవి. అదే యుద్ధంలో మలయా తోటలనుండి సయాం-బర్మా రైలుదారి పనికి తీసికొనిపోయిన తమిళ, తెలుగు కూలీలకు అటువంటి ఏర్పాటు లేదు. భూమి ఉన్నవానికి పట్టా ఉంటుంది, చదివినవానికి బడి రిజిస్టరు ఉంటుంది. రెండూ లేని బీదవాని పేరు, తండ్రిపేరు, ఎత్తు, మచ్చ ఒక్కచోట వ్రాసిపెట్టిన పుస్తకం ఒక్కొక్కప్పుడు జైలుదే.

ప్రశ్న పంపిన కుటుంబానికి, తక్కినవారికీ నా సలహా ఇది. ఇంట్లో పెద్దవారు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ముత్తాత పేరు, ఆయన తండ్రిపేరు, ఆనాటి ఊరు, ఏ పండుగకు ముందో వెనుకో పోయినారు, ఏ జైలు అన్నవి ఒక కాగితంమీద వ్రాయండి. ఫసలీ లెక్క రెండుసార్లు కట్టండి. పేరును ఉర్దూలో ఎన్ని విధాల వ్రాయవచ్చునో ఉర్దూ తెలిసినవారిచేత వ్రాయించుకొని పొండి. పెట్టె అడుగున జైలునుండి వచ్చిన జాబు ఉన్నదేమో చూడండి. దొరికినది దొరికినట్టే వ్రాసుకోండి. ఒక దినం కలుపవద్దు, ఒక నేరం దాచవద్దు.

మీ ఇండ్లలోనూ ఇటువంటి "యాత్రలు" ఉంటే మాకు వ్రాయండి. పేర్లు వద్దంటే వేయము. మీకు ఉర్దూ చదివిపెట్టిన మాస్టరుగారి సంగతి మాత్రం మరువకుండా వ్రాయండి.