అమ్మేసిన గిటారు ఖరీదు



జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ ప్రాంతాలలో కుటుంబాలను దర్శించే సేవకునికి సినిమావారి కష్టసుఖాలు వినక తప్పదు. తెర మీద కనిపించేవారి సంగతి కాదు నేను చెప్పేది. ఒకప్పుడు మద్రాసులో పాటల రికార్డింగులకు వాయించి, పరిశ్రమ వెంట హైదరాబాదుకు వచ్చి ఇక్కడే స్థిరపడిన వాద్యకారుల సంగతి. వారిలో గిటారు వాయించిన పెద్దవారి నోట తరచుగా ఒక మాట వినబడుతుంది: “ఆ గిటారు అమ్మకుండా ఉండవలసింది.” ఇంకొకరైతే, “దాన్ని విప్పి, రంగు వేయించి చేజేతులా పాడుచేసుకున్నాను” అంటారు. వినడానికి ఇవి చిన్న మాటలే. కాని కొన్ని ఇండ్లలో ఇరవై ముప్పై ఏండ్లుగా భోజనాల దగ్గర ఇవే వినబడుతున్నాయి. అది ఎవరి మనసుకు తగులుతున్నదో అన్నవారికి తెలియడం లేదు. అందుచేత ఈ నెల ఆ సంగతి కొంచెం ఆలోచిద్దాం.

అసలు ఆ గిటార్లు చేయి ఎందుకు జారాయి? 1991లో ఆర్థిక సంస్కరణలు రాకముందు మన దేశంలోకి విదేశీ వాద్యం తెప్పించుకోవడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు. దిగుమతి నిబంధనలు ఒకవైపు, సుంకం మరొకవైపు. ఓడలలో పనిచేసే బంధువో, విదేశం వెళ్ళివచ్చే స్నేహితుడో తెస్తే వచ్చినట్టు. మిగిలినవారు కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్, హాబ్నర్ వంటి గిటార్లతో సరిపెట్టుకొనేవారు. కాబట్టి ఎవరి చేతిలోనైనా అమెరికా గిబ్సన్ గాని, ఫెండర్ గాని ఉన్నదంటే అది ఎంతో కష్టపడి సంపాదించుకున్నదే.

ఆ రోజులలో మద్రాసు స్టూడియోలలో గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. ఒక్కరు తప్పు వాయించినా పాట మొదటికి వచ్చేది. అందుచేత చేయి తిరిగిన వాద్యకారునికి రోజూ పిలుపు ఉండేది. తరువాత ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా రికార్డు చేసే పద్ధతి వచ్చింది. 1983లో యమహా వారి డి.ఎక్స్.7 అనే కీబోర్డు, ఆ వెనుక శాంప్లర్లు, కంప్యూటర్లు వచ్చాయి. పదిమంది వాయించేదాన్ని ఒక్కరు రెండు చేతులతో పలికించే రోజులు వచ్చాయి. పిలుపులు తగ్గాయి. ఇంచుమించు ఆ కాలంలోనే తెలుగు సినిమా మద్రాసు వదలి హైదరాబాదుకు తరలివచ్చింది. బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో, ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియో వంటివి పనికి కేంద్రాలయ్యాయి. వాద్యకారుడు ఊరు మారాలి. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి, పిల్లలను కొత్త బడిలో చేర్చాలి. చేతిలో పని లేదు. గిటారేమో అటక మీద ఉన్నది. అమ్మక ఏం చేస్తాడు?

నాకు తెలిసిన ఒక ఇంట ఇదే జరిగింది. తండ్రి తన ఫెండర్ గిటారును, దానితోపాటు వాల్వుల యాంప్లిఫయర్‌ను అమ్మి కుమార్తెను నర్సింగు చదివించాడు. ఆమె ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నది. ఆయన చుట్టాల ముందు నవ్వుతూనే, “దీని ఫీజు కోసమే నా ఫెండర్ పోయింది. ఇవాళ దాని ఖరీదు ఎంతో తెలుసా?” అనేవాడు. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే ధరలు విన్నకొద్దీ ఆ మాట ఎక్కువైంది. ఒకరోజు ఆ అమ్మాయి, “నాన్నా, ఆ ఖరీదు నేనెప్పటికీ తీర్చలేను. ఇక ఆ మాట అనకండి” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు బిడ్డను నొప్పించాలన్న ఉద్దేశం ఏమాత్రం లేదు. కాని గిటారు మీది బెంగ ఆ పిల్ల మీద అప్పుగా మారిపోయింది.

ఇక్కడ మనం ఒక లెక్క సరిగా చూడాలి. అమ్మిననాటి పనిని ఈనాటి ధరతో తూచకూడదు. గిబ్సన్ కంపెనీ 1958 నుండి 1960 వరకు ‘లెస్ పాల్’ గిటారును ఎరుపు, పసుపు కలిసిన సూర్యాస్తమయపు రంగులో తయారుచేసింది. అప్పటి ధర మూడు వందల డాలర్ల లోపు. కొనేవారు సరిగా రాక కంపెనీయే ఆ నమూనాను ఆపివేసింది. మొత్తం తయారైనవి రెండు వేలకు లోపే. 1966లో ఎరిక్ క్లాప్టన్ అటువంటి గిటారుతో వాయించిన రికార్డు వచ్చిన తరువాత అందరి చూపూ వాటి మీద పడింది. నేడు వాటిలో ఒక్కొక్కటి లక్షల డాలర్లు పలుకుతున్నది. తయారుచేసినవారికే తెలియని విలువ, ఇంటి అద్దె కోసం అమ్ముకున్న మనిషికి తెలియలేదని నిందించడం న్యాయమా?

“ఏశావులా అమ్ముకున్నాను పాస్టరుగారూ” అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఏశావు తన జ్యేష్ఠత్వమును తృణీకరించి ఒక పూట కూటికి ఇచ్చివేశాడు. బిడ్డ చదువు కోసం ఇష్టమైనదాన్ని వదులుకున్నవాడు దేనినీ తృణీకరించలేదు. ఆ రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదు.

ఇక మార్పులు చేయించినవారి బాధ వేరు. 1970లలో, 80లలో గిటారుకు కొత్త పికప్పులు పెట్టించడం, బెజ్జాలు వేయించి కొత్త మీటలు బిగించడం, పాత రంగు గీకించి మెరిసే రంగు వేయించడం ప్రపంచమంతటా మామూలే. అప్పటికి అవి పాతకాలపు అపురూప వస్తువులు కావు, పని చేసుకొనే పనిముట్లు. పనివాడు తన పారకు కొత్త పిడి వేసుకున్నట్టే ఇదీ. నేడు రంగు మార్చిన పాత గిటారు ధర సుమారు సగానికి పడిపోతుందని వ్యాపారులు చెబుతారు. ఆనాడు తీసి పారేసిన పికప్పుల మూతలకు కూడా ఈనాడు మంచి ధర ఉన్నది. నిజమే. కాని మార్పులు చేసిన ప్రతి వాద్యమూ చెడిపోయినట్టు కాదు. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని డేవిడ్ గిల్మోర్ 1970లో న్యూయార్కులో కొన్న నల్లని ఫెండర్ గిటారును చూడండి. దాని నెక్‌ను ఆయన పలుసార్లు మార్చాడు, పికప్పులు మార్చాడు, ఒక సాకెట్టు కోసం బెజ్జం వేయించి తరువాత పూడ్పించాడు. అయినా 2019 జూన్‌లో న్యూయార్కు వేలంలో అది 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. ఆ చేతులు దాని మీద పలికించిన సంగీతం ఆ కొయ్యకు విలువ తెచ్చింది.

అదే వేలంలో ఆయన తన గిటార్లు నూట ఇరవైకి పైగా అమ్మివేశాడు. వచ్చిన సొమ్ము 2 కోట్ల 14 లక్షల డాలర్లకు పైమాటే. అదంతా పర్యావరణం కోసం న్యాయపోరాటం చేసే ఒక ధర్మసంస్థకు ఇచ్చాడు. ఎందుకు అమ్ముతున్నాడో ముందే నిర్ణయించుకొని అమ్మాడు. ఆయన ధనవంతుడు, మనవారు కారు అంటారేమో. ధనంలో పోలిక లేదు గాని, ఏదో ఒక దాని కోసం అమ్మడంలో మన నర్సమ్మ తండ్రికీ ఆయనకూ పోలిక ఉన్నది.

అమ్మకుండా నిలుపుకున్నవారు కూడా ఉన్నారు. మద్రాసులో సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో చనిపోయేనాటికి కొడుకుకు తొమ్మిదేండ్లు. ఆ తల్లి భర్త వాద్యాలను అద్దెకిచ్చి సంసారం నడిపింది. ఆ కొడుకే తరువాత మన తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రహమాన్. అయితే ఒక్క మాట. ఆ వాద్యాలకు అద్దె పలికింది గనుక ఆ దారి దొరికింది. అద్దెకు అడిగేవారే లేని ఇంటివారిని ఈ తల్లితో పోల్చి తప్పుపట్టకూడదు.

కాబట్టి నా మనవి మూడు విధాలు.

మొదటిది, ఇప్పటికే అమ్ముకున్నవారికి. ఇరవై ఏండ్లు గుండెకు ఆనించుకొని వాయించిన కొయ్య పోతే దుఃఖం సహజం. ఆ దుఃఖాన్ని దాచుకోమని నేను చెప్పడం లేదు. “అది నాకు చాలా ఇష్టం, ఇప్పటికీ గుర్తొస్తుంది” అని ఇంట్లో చెప్పండి. కాని “నీ కోసం పోయింది” అని మాత్రం భార్యతో గాని, బిడ్డలతో గాని అనకండి. ఇదివరకే అని ఉంటే, ఆ బిడ్డను కూర్చోబెట్టి, “మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అలాగే అమ్ముతాను” అని నోరారా చెప్పండి. ఆ మాట కోసం ఎదురుచూస్తున్న పిల్లలున్నారు.

రెండవది, ఇంకా చేతిలో ఉన్నవారికి. పాత గిటారుకు మార్పు చేయించవలసివస్తే కొయ్యను కోయకుండా, బెజ్జం వేయకుండా అయ్యే మార్పే చేయించండి. తీసిన ప్రతి భాగాన్ని, చిన్న మరతో సహా, ఒక డబ్బాలో వేసి గిటారు పెట్టెతోనే ఉంచండి. పాత రంగు పగిలినా దాని మీద కొత్త రంగు వేయించకండి. అమెరికా నుండి వచ్చిన యాంప్లిఫయర్ చాలావరకు 110-120 వోల్టులదై ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, మధ్యలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దశాబ్దాలు గడిచాక లోపలి కెపాసిటర్లు చెడిపోతాయి. వాటిని మార్చడం మరమ్మతే గాని పాడుచేయడం కాదు. కాని స్విచ్చి ఆపిన తరువాత కూడా వాటిలో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది గనుక తెలిసిన మెకానిక్కు చేతనే చేయించండి. మన సంఘాల స్టోరు గదులలో మూలపడిన కాలి హార్మోనియంలను, పాత గిటార్లను పాతసామాన్ల వానికి వేసే ముందు వాటి సంగతి ఎరిగినవారికి ఒకసారి చూపించండి.

మూడవది, ఇప్పుడు అమ్మవలసి వచ్చినవారికి. ముందు అద్దె దారి ఉన్నదేమో చూడండి. బంధువులలో, సంఘంలో వాయించేవారు కొనగలరేమో అడగండి. తప్పదనుకుంటే అమ్మండి, అది అవమానం కాదు. అయితే అమ్మే ముందు దానిమీద మీకిష్టమైన పాట ఒకటి వాయించి రికార్డు చేసుకోండి. ఫొటో తీయించి, దాని నంబరు రాసుకోండి. ఆ రాత్రి ఇంటి లెక్కల పుస్తకంలో తేదీ, వచ్చిన సొమ్ము రాసి, పక్కనే అది ఏ అవసరానికి పోయిందో కూడా రాయండి. పదేండ్ల తరువాత ఎవరో వచ్చి, “ఇవాళ దాని ధర ఎంతో తెలుసా?” అంటారు. అప్పుడు ఆ పేజీ తీసి, అందులో రాసినదాన్ని ఇంట్లో అందరూ వినేలా చదవండి.