ఉత్తుత్తి పేర్లూ, అసలు తెలుగూ

జాల అనువర్తనం కట్టేటప్పుడు దత్తాంశనిధిని, అదే డేటాబేసును, నమూనా వివరాలతో నింపడం ఒక తప్పనిసరి తతంగం. మనవాళ్ళకు ఆ పనంటే ఎంత చిన్నచూపో! "టెస్ట్", "టెస్ట్ 2", "ఏబీసీ" అనే ముగ్గురు పౌరులతోనే రాజ్యం నడిపించేస్తారు. కాస్త ఓపికున్నవారు ఫేకర్ లాంటి లైబ్రరీని తెచ్చుకుని జాన్ స్మిత్‌లను వేల సంఖ్యలో పుట్టిస్తారు. తెలుగువారి కోసం కట్టే గూటికి వీరెవరూ పనికిరారని నా అభిప్రాయం.

జాన్ స్మిత్ ఏ గడిలోనైనా ఒదుగుతాడు. వేంకట సత్యనారాయణమూర్తి ఒదగడు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. నడుమ ఖాళీతో కలిపి ఆ పేరు 64 బైట్లు. ఓరకిల్‌లో గడి పొడవు 50 అని రాస్తే, ప్రత్యేకించి చెబితే తప్ప, అవి అక్షరాలు కావు, బైట్లు. మూర్తిగారు గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. ఇక ఇంటిపేరు ముందుండే జాతికి "మొదటి పేరు, చివరి పేరు" అన్న గడులు తెచ్చిపెట్టే తికమక సరేసరి.

అకారాది క్రమం మరీ విడ్డూరం. యూనికోడు పట్టికలో ళ-కారం వ-కారానికి ముందుంది. ఱ వచ్చి ర పక్కన కూర్చుంది. మన వర్ణమాలలో ఆ రెండూ హ-కారం తరువాతివి. సంకేతాల వరుసనే నమ్ముకుంటే "కవి" కంటే ముందు "కళ" వస్తుంది. నమూనాలో ఆ రెండు మాటలూ ఉంటేనే కదా ఈ తేడా కంటబడేది! "సాఫ్ట్‌వేర్" అన్న మాటను కనబడని విడదీత సంకేతంతో ఒకరు, అది లేకుండా మరొకరు టైపు చేస్తారు. వెతుకులాటకు అవి రెండు వేరు మాటలు. రెండు రూపాలనూ నమూనాలో చేర్చవలసిందే.

ఇంత శ్రమ ఎందుకని కొందరు నిజమైన వినియోగదారుల పట్టికనే నకలు తీసి వాడతారు. దాచమని ఇచ్చిన పెట్టెను తెరిచి చూడడం లాంటిదే ఇదీ. వ్యక్తిగత దత్తాంశాల పరిరక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది గానీ, అది రాకమునుపు మాత్రం ఇది మర్యాదా? ఈమెయిలు చిరునామాలకైతే ఎగ్జాంపుల్.కామ్ ఉంది, ఇలాంటి అవసరాలకే దాన్ని 1999లో కేటాయించిపెట్టారు. ఫోను నంబర్లతోనే చిక్కు. తోచిన 10 అంకెలు వేస్తే ఎవరింట్లోనో మోగుతుంది. అందుకే సందేశాలు పంపే మీటను ముందే కట్టిపడేయాలి.

పరిమాణం మాటా చూడాలి. పది వరుసలున్నప్పుడు సూచిక లేని పట్టిక కూడా చిటికెలో జవాబిస్తుంది. లక్ష పోసి చూడండి. పోసేటప్పుడు యాదృచ్ఛిక సంఖ్యల యంత్రానికి ప్రతిసారీ ఒకే విత్తనం ఇవ్వండి. నిన్న తప్పిపోయిన మూర్తిగారు ఇవాళా అదే వరుసలో దొరుకుతారు.