పువ్వు వద్దు, బస్సు కావాలి

పోయిన ఏడాది క్వార్టర్లీ పరీక్షలప్పుడు ఒక పొద్దున మా బస్టాండులో పెద్ద సందడి. కొత్త ఫ్లెక్సీ కట్టారు, మైకు పెట్టారు. ప్రయాణికులకు కృతజ్ఞతలు చెప్పే రోజంట. ఒక్కొక్కరికీ ఒక రోజా పువ్వు, ఒక చాక్లెట్ ఇచ్చి ఫొటో తీశారు. నాకూ ఇచ్చారు, మా అమ్మకూ ఇచ్చారు.

ఆ రోజు మా బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. లెక్కల పరీక్షలో నాకు అరగంట పోయింది. మా అమ్మకు సగం రోజు కూలి పోయింది. ఇంతకీ మా అమ్మ చేసే పనేమిటో తెలుసా? షెడ్లలో రోజా పూలు కోయడం! సాయంత్రం సంగతంతా విని మా అవ్వ ఒకే మాట అడిగింది: "పువ్వు పెట్టుకోని నిలబడితే బస్సు వస్తాదా?"

అది ఏ సంస్థ బస్సో ఇక్కడ రాయను. మాది సరిహద్దు ఊరు. మా బస్టాండుకు మూడు రాష్ట్రాల బస్సులూ వస్తాయి. ఒక్కరిని తిట్టడం నా ఉద్దేశం కాదు. ప్రయాణికుణ్ణి సంతోషపెట్టాలని కానుకలు, వేడుకలు చేసే అలవాటు అన్ని చోట్లా ఉంది.

తమిళనాడు ప్రభుత్వ బస్సుల్లో ముందుగా టికెట్ రిజర్వు చేసుకున్నవాళ్ళకు లక్కీ డ్రా పెట్టారు. 2024 చివర్లో ప్రకటించిన ప్రత్యేక బహుమతుల్లో మొదటిది ఏమిటంటే ద్విచక్ర వాహనం! తర్వాతవి టీవీ, ఫ్రిజ్. బస్సెక్కినందుకు బండి ఇస్తే, ఆ మనిషి మళ్ళీ బస్సెక్కుతాడా? మా క్లాసులో అందరం నవ్వుకున్నాం. 2023 రాఖీ పండుగకు తెలంగాణ ఆర్టీసీ కూడా మహిళలకు లక్కీ డ్రా పెట్టింది. టికెట్ వెనక పేరు, ఫోన్ నంబరు రాసి బస్టాండులోని పెట్టెలో వేయాలి. 33 మందికి కలిపి 5.50 లక్షల రూపాయల బహుమతులు. కర్ణాటకలో మహిళల ఉచిత ప్రయాణాలు 500 కోట్లు దాటాయని 2025 జూలైలో ఉత్సవం చేశారు. నెల తిరక్కముందే, ఆగస్టు 5న, జీతాల బకాయిలు ఇవ్వమని అక్కడి బస్సు కార్మికులు సమ్మెకు దిగారు.

ఉచిత ప్రయాణాన్ని నేను తప్పుపట్టడం లేదు. అది సాయం. విద్యార్థుల పాసు కూడా సాయమే, అది లేకపోతే నేను ఈ బడికి రాలేను. సాయం అందరికీ అందుతుంది. లక్కీ డ్రా లక్షల మందిలో ఒకరిద్దరికి అందుతుంది. మిగిలినవాళ్ళకు అందేది ఫ్లెక్సీ చూసే భాగ్యం.

ఈ మాట అంటే మా మామ ఒప్పుకోలేదు. "బట్టల అంగడివాడు బహుమతులు పెట్టి జనాన్ని రప్పించుకోవడం లేదా? బస్సుకూ జనం రావాలి కదా? అయినా అదెంత డబ్బు, దాంతో ఒక బస్సన్నా వస్తుందా?" అన్నాడు.

మామ మాటలో సగం నిజముంది. ఆ డబ్బుతో బస్సు రాదు. కానీ కూర్చోవడానికి బల్ల వస్తుంది, ఎండకు రేకుల కప్పు వస్తుంది, తాగునీళ్ళ ట్యాంకు వస్తుంది, ఏ బస్సు ఎన్ని గంటలకో రాసిన బోర్డు వస్తుంది. ఇక అంగడివాడు తన లాభంలోంచి ఇస్తాడు. బస్సు సంస్థ ఇచ్చేది టికెట్ డబ్బు, లేదా ప్రభుత్వం ఇచ్చిన పన్నుల డబ్బు. మా అవ్వ సబ్బు కొన్నా ఆ ధరలో పన్ను ఉంటుంది. అంటే మా అమ్మ చేతికిచ్చిన పువ్వు మా డబ్బుతో కొన్నదే. మన డబ్బుతో మనకే కానుక ఇచ్చి, మనచేత చప్పట్లు కొట్టించుకోవడం ఏం మర్యాద?

ఇంకొక మాట. నాకూ మా అమ్మకూ వేరే దారి లేదు. బహుమతి లేకపోయినా ఆ బస్సే ఎక్కుతాం. బండి ఉన్నవాళ్ళను రప్పించాలంటే మాత్రం పువ్వు చాలదు. బస్సు ప్రతిరోజూ టైముకు వస్తే వాళ్ళే వస్తారు. విందుకు పిలిచి, విస్తరిలో అన్నం వడ్డించకుండా చేతిలో తాంబూలం పెడితే ఎవరికి కడుపు నిండుతుంది? అన్నం పెట్టిన తర్వాత తాంబూలం ఇవ్వండి, కళ్ళకద్దుకుని తీసుకుంటాం.

అందుకే నేను అడిగేది మూడే. ఇలాంటి వేడుకకు ఎంత ఖర్చయిందో బస్టాండులోనే బోర్డు మీద రాయండి. దాని పక్కనే, ఆ నెలలో ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయో, ఎన్ని ఆలస్యమయ్యాయో రాయండి. బడి వేళ, పని వేళ నడిచే బస్సులు సరిగ్గా వచ్చేదాకా వేడుకలు ఆపండి.

మాకు ఓటు లేదు, పాసు మాత్రమే ఉంది. అయినా తల్లిదండ్రులకు ఓటుంది, ఉపాధ్యాయులకు గౌరవముంది. మీరందరూ కలిసి ఒక అర్జీ రాస్తే మొదటి సంతకం మా అవ్వ పెడతానంది. ఆమెకు తెలుగులో సంతకం పెట్టడం వచ్చు.