విషం తాగినవారికి ఉప్పునీళ్లు పోయకండి

ఈ పత్రిక పాఠకులు నన్ను గృహవైద్యం అడుగుతారు. దగ్గుకు, అజీర్తికి, కీళ్లనొప్పులకు చెబుతూనే ఉన్నాను. కాని ఒక్క విషయంలో మాత్రం పోపుల డబ్బా వైపు చూడవద్దని చెప్పవలసి ఉన్నది. అది విషం.

నలభై ఏళ్ల నాటి మాట. గురువుగారి వద్ద అగదతంత్రం ముగించుకొని ప్రొద్దుటూరులో వైద్యం ఆరంభించిన కొత్త. జమ్మలమడుగు సమీపంలోని ఒక పల్లె నుండి, పోస్టాఫీసు ఫోనులో ఒక తండ్రి మాట్లాడినాడు. మూడేళ్ల బిడ్డ కిరసనాయిలు తాగినాడట. "కక్కించమంటారా సామీ?" అన్నాడు. చరకుడు విషానికి చెప్పిన 24 ఉపక్రమాలలో వమనం ఒకటి కదా! ఉప్పునీళ్లు పట్టించమన్నాను. బిడ్డ కక్కినాడు. ఆ కక్కులో కిరసనాయిలు ఊపిరితిత్తులలోకి దిగింది. రాత్రికి ఆయాసం, జ్వరం. పది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికినాడు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. నాకు ఈనాటికీ అదే బాధ.

తప్పు శాస్త్రానిది కాదు, నాది. బాలురు, వృద్ధులు, గర్భిణులు వమనానికి అర్హులు కారని సిద్ధిస్థానంలో చరకుడే చెప్పినాడు. నేను చదివి మరచినాను. పైగా ఆ గ్రంథాల కాలంలో కిరసనాయిలు లేదు, పత్తిచేలకు కొట్టే మందు లేదు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ లేదు. యాసిడ్ లోపలికి పోతూ గొంతును ఒకసారి కాలుస్తుంది, కక్కిస్తే తిరిగి వస్తూ మరొకసారి. పురుగుమందు తాగి మగతలో ఉన్నవానికి పేడనీళ్లు, సబ్బునీళ్లు పోయడం పులివెందుల వైపు పల్లెలలో కళ్లారా చూచినాను. మింగలేని మనిషి నోట ఏది పోసినా ఊపిరితిత్తులకే చేరుతుంది. తలకు వేసుకునే నల్లరంగు తాగితే గొంతు వాచి ఊపిరాడదు, ఆపై మూత్రపిండాలు చెడవచ్చు. దానికి నా వద్ద ఏ కషాయమూ లేదు.

పాశ్చాత్యులు సైతం ఈ పొరపాటు చేసినవారే. విషాల సమాచారం చెప్పే కేంద్రం షికాగోలో 1953లోనే వెలసింది. అయినా వాంతి కలిగించే ఇపికాక్ పానకం అమెరికా ఇళ్లలో చాలాకాలం ఉండేది. 2003లో అక్కడి శిశువైద్యుల సంఘం దాన్ని ఇంట వాడవద్దని, మొదట విష సమాచార కేంద్రానికి ఫోను చేయమని చెప్పింది.

మన దేశంలోనూ అట్టి కేంద్రం ఉన్నది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జాతీయ విష సమాచార కేంద్రం 1995లో ఏర్పడింది. 1800 116 117కు రాత్రింబగళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. అయితే మనిషి స్పృహ తప్పినా, ఎగశ్వాస పట్టినా, మూర్ఛ వచ్చినా ముందు 108కే చేయాలి.

ఫోను చేసేవారి చేతిలో సీసా ఉండాలి. వయస్సు, బరువు, ఎంత తాగినారు, ఎన్ని గంటలకు అన్నవి అడుగుతారు. "ఏదో తెల్లమందు" అంటే అవతలివారు ఏమి చెప్పగలరు? సీసాపై ఉన్న రసాయనం పేరు చదివి వినిపించండి. ఎలుకల మందులోనే ఎన్నో రకాలు. ఒకటి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. పసుపు భాస్వరం కలిసిన ముద్ద తిన్నవారు మొదటి రెండు రోజులు తిరుగుతూనే ఉండవచ్చు, తరువాత కాలేయం చెడుతుంది. "ఏమీ కాలేదులే" అని ఇంట కూర్చోబెట్టి ప్రాణం పోగొట్టుకున్న కుటుంబాలు మా వైపు ఉన్నవి. ఫోనులో సలహా దొరికినా ఆసుపత్రి ప్రయాణం ఆపరాదు. సీసాను కూడా వెంట తీసికొని పోవలెను.

నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. మనుమణ్ణి ఒడిలో పెట్టుకొని వణికే జమ్మలమడుగు అవ్వ ఢిల్లీతో ఏ భాషలో మాట్లాడుతుంది? ఆంబులెన్సును తెలుగులో పిలుస్తున్నాము. విషం గురించి తెలుగులోనే అడిగి తెలుసుకునే నంబరు ప్రతి పాఠశాల గోడపైన, ప్రతి ఎరువుల అంగడిలో కనిపించేటట్లు ప్రభుత్వం చేయవద్దా? అంతవరకు హిందీ గాని ఇంగ్లీషు గాని వచ్చిన పొరుగువారెవరో ముందే తెలిసికొని ఉండడం మేలు.

మా వంటింటి తలుపు లోపలివైపు ఆ నంబరు రంగుతో రాయించినాను. నాకు హిందీ రాదు. కోడలికి వచ్చు.