ఆపేది మనమైతే ఎంచేదీ మనమే

నాలుగేళ్ళ పిల్లాడికి వీడియో గేమ్ కొనే విషయంలో మన ఇళ్ళలో పనులు విచిత్రంగా పంచుకుంటారు. కొనేది నాన్న, లేదా బాబాయి, లేదా అమెరికా నుంచి వచ్చే మేనమామ. ఆడేది పిల్లాడు. ఆపాల్సింది మాత్రం అమ్మ. ఆపినప్పుడు వాడు కాళ్ళూ చేతులూ కొట్టుకుని ఏడిస్తే "నువ్వే అలవాటు చేశావు" అన్న మాట పడేదీ అమ్మే. ఎంచేటప్పుడు మనల్ని అడిగేవాళ్ళుండరు, నిందలో మాత్రం పూర్తి వాటా మనదే.

నా వాదన ముందే చెప్పేస్తున్నాను. ఆ పెట్టెను రోజూ ఎవరు ఆపాలో, ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తేల్చే హక్కు వాళ్ళకే ఉండాలి.

"మీకు వాటి గురించి ఏం తెలుసు?" అంటారు. సరే, అమ్మేవాళ్ళకు ఎంత తెలుసో చూద్దామని జనవరిలో మా తోడికోడలితో కలిసి బయల్దేరాను. వాళ్ళ బాబుకు నాలుగేళ్ళు. పొద్దున అబిడ్స్‌లో నాలుగు దుకాణాలు తిరిగాం. సాయంత్రం నాంపల్లి నుమాయిష్‌లో రెండు బొమ్మల స్టాళ్ళు చూశాం. ఆరు చోట్లా మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే: "బడ్జెట్ ఎంత మేడమ్?" పిల్లాడి వయసెంత అని ఒక్కరూ అడగలేదు. చెప్పుల కొట్లో పాదం కొలుస్తారు. గౌను కొనబోతే ఎన్నేళ్ళ పాపకని అడుగుతారు. బుర్రలోకి వెళ్ళే వస్తువుకు మాత్రం కొలత అక్కర్లేదన్నమాట!

ఒకాయన అరచేతిలో పట్టేంత గేమ్ ఒకటి తీసి, "400 గేమ్స్ అక్కా, బచ్చోంకే లియే బెస్ట్" అన్నాడు. మా తోడికోడలు మీట నొక్కితే మొదటి పేజీలోనే కాంట్రా. చొక్కాల్లేని ఇద్దరు మగాళ్ళు, చేతుల్లో తుపాకులు, కనిపించినవాణ్ణల్లా కాల్చడమే పని. 1987లో ఆర్కేడ్ మిషన్ల కోసం చేసిన ఆట అది. ఇంటికొచ్చి చెబితే మా మరిది నవ్వి, "మేమూ ఆడాం కదా వదినా, ఏమైపోయాం?" అన్నాడు. ఆడావు నాయనా, పదకొండేళ్ళప్పుడు. నాలుగేళ్ళప్పుడు కాదు.

ఇక్కడ మన చట్టాల తీరు కూడా చూడండి. పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ ఎలాగూ ఉంది, 2024లో అందులోనూ యూఏ 7+, 13+, 16+ అని విడగొట్టారు. దుకాణంలో డబ్బాలో అమ్మే గేమ్‌కు మాత్రం మన సెన్సారు బోర్డు లాంటిది లేదు. గిలక్కాయ అంచు గీసుకుంటుందేమో చూస్తాం, తెర మీద ఏం జరుగుతుందో చూడం.

డబ్బా మీద నంబరు ఉంటుందిగా అంటారా? అది చాలావరకు పెగీ అని యూరప్ వాళ్ళు 2003లో పెట్టుకున్న గుర్తు. 3 అని ఉంటే మూడేళ్ళ పిల్లాడు ఆడగలడని అర్థం కాదు. అందులో భయపెట్టేవీ, బూతులూ లేవని, కొట్టుకోవడం ఉన్నా నవ్వులాటగా చాలా స్వల్పమని మాత్రమే. ఆట ఎంత కష్టమో ఆ నంబరు చెప్పదు. ఫిఫా 23 అనే ఫుట్‌బాల్ గేమ్‌కూ 3 అనే ఉంది. అందులో నిజం డబ్బులు పెట్టి ఆటగాళ్ళ ప్యాకెట్లు కొనుక్కునే వీలుండేది. కాబట్టి ఆ నంబరు పిల్లాడి వయసు కాదు. దాన్ని చూపించి "చిన్నపిల్లలకే" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక కన్సోళ్ళు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడే 49,990 రూపాయలు. నాలుగేళ్ళ పిల్లాడు దాని కంట్రోలర్ రెండు చేతులా పట్టుకుంటే బొటనవేళ్ళు మీటల మీదికి చేరవు. అయినా "బాబు కోసం" అనే కొంటారు. పేరు పిల్లాడిది, సరదా నాన్నది. మగవాళ్ళు ఆడుకోకూడదని నేననడం లేదు. మీ సరదాకు మీ పేరే పెట్టుకోండి, రాత్రి వాడు పడుకున్నాక ఆడుకోండి అంటున్నాను.

చిన్న చేతులకు కుదిరేది నింటెండో స్విచ్. కంట్రోలర్ రెండు చిన్న ముక్కలుగా ఊడి వస్తుంది, ఒకటి పిల్లాడికి, ఒకటి మనకు. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి రోడ్డు దాటిపోకుండా తనే సర్దుకునే ఏర్పాటుంది. గేమ్ కార్డును పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసేలా దానికి చేదు పూత కూడా పూశారు. ఇంట్లో పసివాళ్ళుంటారని ఎవరో ఆలోచించారన్నమాట. కానీ ఆ కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మదు. కొట్లలో కనిపించేవి బయటి దేశాల నుంచి తెప్పించినవి. పాడైతే ఎవరు చూస్తారో బిల్లు మీద రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి.

"ఇన్ని గొడవలెందుకు, ఫోన్‌లో ఫ్రీ గేమ్ వేసిస్తే పోలా?" అనే అత్తయ్యలున్నారు. ఊరికే వచ్చే ఆట రెండు నిమిషాలకోసారి ప్రకటన చూపిస్తుంది. ఆ ప్రకటన ఏమిటో మనం ఎంచలేదు. అది మూసే గుర్తు ఆవగింజంత, కొనమనే మీట చపాతీ అంత. చదవడం రాని పిల్లాడు ఏది నొక్కుతాడు? నన్నడిగితే అన్నిటికంటే ఖరీదైనది ఆ ఫ్రీ గేమే.

ఇప్పుడు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2021లో ఒకే మాట చెప్పాయి. ఐదేళ్ళ లోపు పిల్లలకు తెర రోజుకు గంట మించకూడదు. రెండేళ్ళ లోపువాళ్ళను ఇందులో కలపకండి, వాళ్ళకు ఆ గంట కూడా లేదు. ఆ గంటలో టీవీ ఉంది, ఫోనూ ఉంది. అన్నం తినిపించడానికి కార్టూన్ పెట్టే ఇంట్లో ఆ గంట మధ్యాహ్నానికే ఖర్చయిపోతుంది. ఇక గేమ్‌కు మిగిలేది సున్నా. అందుకే "ఏది కొనాలి?" కంటే ముందు "ఎంతసేపు మిగిలింది?" అని అడగాలి. ఏమీ మిగల్లేదంటే కొనకపోవడమే సరైన ఎంపిక. పిల్లాడు ఎందులోనూ వెనకబడడు.

మిగిలిందంటే, కొనేముందు నేను చూడమనేవి ఇవి.

ఒకటి, పది నిమిషాలకోసారైనా ఆగే చోటుండాలి. చదరంగంలో రాజుకు చెక్ పడి తప్పించుకునే దారి లేకపోతే ఆటకట్టు అంటాం. ఎంత మంచి మాట! ఆటన్నాక ఎక్కడో కట్టాలి. తొక్కుడుబిళ్ళలో కాళ్ళు అలిసి ఆగుతాం, నుమాయిష్‌లో చిన్న రైలు చుట్టు పూర్తయ్యాక దింపేస్తారు. కట్టు లేని ఆటను మనమే లాక్కోవాలి, ఏడుపంతా అక్కడే మొదలు.

రెండు, పక్కన ఇంకొకరు ఆడే వీలుండాలి. మూడు, ఆట లోపల అంగడి ఉండకూడదు. నాలుగు, నెట్ లేకుండా నడవాలి. ఐదు, చేతిలో కాదు, హాల్లో టీవీకి తగిలించి ఉండాలి. ఆరు, పిల్లాడికి ఇచ్చే ముందు అరగంట మనం ఆడి చూడాలి. పచ్చడి ఉప్పు చూడకుండా వడ్డిస్తామా?

ఇక సమయానికి ఆపేసే తాళం ఈ కన్సోళ్ళలో ఉంది. దాని పిన్ నంబరు అమ్మ దగ్గర ఉండాలి. బీరువా తాళాలు మన కొంగుకే కట్టుకుంటాం కదా, ఇదీ అంతే.

మీ ఇంట్లో ఎవరైనా "బాబుకు సర్‌ప్రైజ్" అంటూ డబ్బాతో వస్తే తిట్టక్కర్లేదు. ఒక్క మాట అడగండి. "రోజూ సాయంత్రం దీన్ని ఆపేది నువ్వేనా?" అవునంటే సంతోషం, ఆ ఏడుపు కూడా వాళ్ళకే అప్పగించి మీరు కాసేపు పుస్తకం చదువుకోండి. కాదంటే, డబ్బా సీలు తీయకముందే బిల్లు మీ చేతికిమ్మనండి. ఉంచాలో తిప్పి పంపాలో మీరు చెబుతారు.