కార్టూన్ వేగం అలవాటైన పిల్లాడికి అక్షరం రుచిస్తుందా?

విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన అబ్బా పగలు నిద్రపోవాలి. ఇల్లు చప్పుడు లేకుండా ఉండాలంటే పిల్లాడి చేతికి ఫోన్ ఇవ్వడమే అమ్మీకి దొరికిన దారి. గాజువాకలోనైనా, పోర్టు పక్కన వన్‌టౌన్‌లోనైనా ఇది కొత్త సంగతేం కాదు. అదే పిల్లాడు సాయంత్రం మక్తబ్‌లో ఖాయిదా ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతే మాత్రం 'వీడికి చదువు మీద ధ్యాస లేదు' అనేస్తారు. తప్పు నిజంగా పిల్లాడిదేనా?

అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు నాలుగేళ్ల పిల్లలు 60 మందిపై చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. కొందరికి సగటున 11 సెకన్లకోసారి సీను మారే కార్టూన్, మరికొందరికి 34 సెకన్లకోసారి మారే నిదానమైన కార్టూన్ 9 నిమిషాలు చూపించారు. మిగతావారు బొమ్మలు గీశారు. వెంటనే పరీక్షిస్తే ఓపిగ్గా ఆగడంలో, చెప్పింది గుర్తుపెట్టుకుని చేయడంలో వేగం కార్టూన్ చూసినవాళ్లు బొమ్మలు గీసినవాళ్ల కంటే బాగా వెనకబడ్డారు. ఇది అప్పటికప్పుడు కనిపించిన ప్రభావమే, శాశ్వతమని ఎవరూ అనలేదు. కానీ ఫోన్ పక్కనపెట్టి నేరుగా పుస్తకం పట్టే పిల్లాడి విషయంలో ఆలోచించాల్సింది ఆ 'అప్పటికప్పుడు' గురించే.

కార్టూన్లన్నీ చెడ్డవని కాదు. అక్షరాలు, అంకెలు నేర్పడానికే 1969లో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' మొదలైంది. 2006లో అది మన దేశానికి 'గల్లీ గల్లీ సిమ్ సిమ్'గా వచ్చింది. చిక్కల్లా అలవాటుతోనే. ఫోన్‌లో పిల్లాడు ఏమీ చేయకుండానే తర్వాతి బొమ్మ వచ్చేస్తుంది. అలిఫ్, బే అయినా, అ, ఆ అయినా పదిసార్లు తప్పు దిద్దుకుంటే గానీ రావు.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలకు బదులిచ్చే మనిషి కావాలి. ఫోన్ మాట్లాడుతుంది గానీ పిల్లాడి మాట వినదు.

రెండేళ్ల లోపు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. షిఫ్టుల ఇళ్లలో ఇది చెప్పినంత తేలిక కాదు, భారమంతా అమ్మీ మీదే వేయడమూ న్యాయం కాదు. ఆటోప్లే ఆపేసి ఒక్క కథే చూపించొచ్చు. చూశాక 'ఆ తర్వాత ఏమైంది బేటా?' అని దాదీయో, నిద్రలేచిన అబ్బానో అడగొచ్చు. ఖాయిదాకు ముందు కాసేపు ఫోన్ దూరంగా పెట్టొచ్చు. పిల్లాడికి చదువు రాదని తేల్చేసే ముందు ఇంట్లో ఈ మాత్రం మార్పు చేసి చూడాలి.